రేవు మెట్ల దగ్గర పిల్లులకి అన్నం పెట్టడం ఆపేయాలా?

రేవుమెట్లు (పాలకొల్లు దగ్గర)

అందరికీ నమస్కారమండి. చదవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదలు. మా ఇల్లు కాలవ గట్టు మీద, పాత రైసు మిల్లు గోడౌన్ పక్కన. నాలుగేళ్ళ కిందట పెరట్లో చేపలు తోముతుంటే ఒక మూడు రంగుల పిల్లి వచ్చి కొబ్బరి చెట్టు వెనకాల కూర్చుంది. మనిషిని చూస్తే పారిపోయే రకం. ఇప్పటికీ నా చెయ్యి దాని ఒంటి మీద పడలేదు. చేప తలకాయలు విసిరితే నేను లోపలికెళ్ళాక వచ్చి తినేది. చుక్కాలు అని పేరు పెట్టుకున్నాను. ఆ ఒక్కటీ నాలుగేళ్ళలో పదహారయ్యాయి. ఇవాళ పదకొండు.

పోయిన సోమవారం పొద్దున్న ఒక కూన నీళ్ళ చిప్ప మీదకి తల వంచుకుని కూర్చుంది. దాహమేమో అనుకున్నాను. అరగంట తర్వాత చూస్తే అలాగే ఉంది, మూతి నీళ్ళకి వేలెడు దూరంలో ఉంది, కానీ తాగడం లేదు. మధ్యాహ్నానికి పసుపు పచ్చగా నురగ కక్కింది. సాయంత్రానికి పోయింది. నాలుగు రోజుల్లో ఐదు కూనలూ అలాగే పోయాయండి. చివరిదాన్ని పాత తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే, పుట్టిన దగ్గర్నుంచి నన్ను చూసి బుస్సుమన్న పిల్ల, ఆ రోజు మాత్రం ఊరుకుంది.

పక్కింటావిడ అన్న మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. "నువ్వు పెట్టబట్టే ఇన్నయ్యాయి, ఇన్ని అవ్వబట్టే చచ్చాయి" అంది. నిజమేనా? నేను అన్నం పెట్టడం ఆపేస్తే వాటికే మంచిదా? తెలిసినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఓదార్పు మాటలు కాదు.

అమలాపురం_అక్క

అయ్యో అమ్మా. ఇప్పుడే చదివాను. రాత్రికి వివరంగా రాస్తాను. ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెప్తున్నాను, దయచేసి ఉన్నపళంగా అన్నం ఆపేయకండి. మీ చేతి అన్నానికి అలవాటు పడ్డ తల్లి పిల్లి ఇప్పటికిప్పుడు ఎక్కడికి పోతుంది.

గేదెల_డాక్టరు (రిటైర్డు)

అమ్మా, నేను ముప్పై రెండేళ్ళు పశువైద్యం చేశాను, ఎక్కువగా గేదెలకే. అయినా నీళ్ళ చిప్ప మీద తల వంచి తాగకుండా కూర్చోవడం అని మీరు రాసింది చదవగానే గుండె జారిపోయింది. చూడకుండా రోగం పేరు ఖాయంగా చెప్పకూడదు కానీ మీరు చెప్పిన లక్షణాలన్నీ పాన్‌ల్యూకోపీనియావే. కుక్కల్లో పార్వో అంటాం కదా, దానికి దగ్గర చుట్టం. మనుషులకి అంటదు. పేగుల్ని, రక్తంలోని తెల్లకణాల్ని దెబ్బతీస్తుంది. దాన్ని చంపే మందు లేదు, సెలైన్ పెట్టి, వాంతులు ఆపి, వేరే సూక్ష్మజీవులు సోకకుండా యాంటీబయాటిక్ ఇచ్చి ప్రాణం నిలబెట్టే ప్రయత్నం చేయడమే. రెండు మూడు నెలల కూనల్లో ఇంత చేసినా చాలావరకు పోతాయి. అందుకని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదే అని మీరు కుమిలిపోనక్కర్లేదు.

మీ ప్రశ్నకి ఉన్నది ఉన్నట్టే చెప్తాను. మీ అన్నం వల్ల రోగం రాలేదు. ఆ వైరస్ రోగం వచ్చిన పిల్లి మలంలో, వాంతిలో ఉంటుంది, చెప్పులకి అంటుకుని కూడా వస్తుంది. అయితే టీకా లేని కూనలు ఐదారు ఒకేచోట, ఒకే చిప్పలో తింటుంటే ఒకదానికి వచ్చింది అన్నిటికీ వస్తుంది. పక్కింటావిడ మాటలో అంతవరకు నిజం ఉంది. దానికి విరుగుడు అన్నం ఆపడం కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, టీకాలు.

ఇప్పుడు చేయాల్సినవి. ఆ పాత తువ్వాలు, చిప్ప కాల్చేయండి లేదా పారేయండి. ఈ వైరస్ మొండిది, చల్లటి నీడపట్టున ఏడాది దాకా బతికి ఉంటుంది, ఎండకి, సబ్బుకి లొంగదు. బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో కడిగి పది నిమిషాలు తడిగా వదిలేసి తర్వాత మంచినీళ్ళు పోయండి. కొన్నాళ్ళు టీకా లేని కొత్త కూనని ఆ పెరట్లోకి తేకండి. మిగిలిన పదకొండులో పెద్దవి చాలావరకు ఇప్పటికే తట్టుకుని ఉంటాయి.

రేవుమెట్లు

డాక్టరు గారూ, మీకు దణ్ణం. నేను రోజూ ఫినాయిలుతో కడిగాను. సరిపోదాండి?

గేదెల_డాక్టరు (రిటైర్డు)

ఫినాయిలు వద్దే వద్దమ్మా. ఆ వైరస్ మీద పెద్దగా పని చేయదు సరికదా పిల్లులకి అది విషం. వాటి కాలేయానికి అలాంటి రసాయనాల్ని విరిచే శక్తి చాలా తక్కువ. పాదాలకి అంటుకుంటుంది, నాక్కుంటాయి, లోపలికి పోతుంది. మన ఇళ్ళలో అందరూ వాడేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

చిన్నమ్మలు

డాక్టరు గారు కాలేయం అన్నారు కదా, నేను ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి రాస్తున్నాను. రెండేళ్ళ కిందట మా పిల్లి ఎర్రోడికి ఒళ్ళు కాలిపోతుంటే పారాసిటమాల్ అర బిళ్ళ పొడి చేసి చేప ముక్కలో పెట్టాను. పిల్లలకి వేసేదే కదా అనుకున్నాను. మర్నాడు పొద్దున్నకి మొహం వాచిపోయింది, చిగుళ్ళు గోధుమరంగులోకి వచ్చేశాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే ఆటోలో పోయాడు. దయచేసి ఎవరూ వేయకండి.

గేదెల_డాక్టరు (రిటైర్డు)

చిన్నమ్మలు గారూ, తెలియక చేశారు, తెలిశాక నలుగురికి చెప్పారు. ఔనండి, పిల్లికి పారాసిటమాల్ ఎంత తక్కువైనా వేయకూడదు. కుక్కల పిడుదులకి కొట్టే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది కూడా పిల్లికి తగలనివ్వకండి.

కొబ్బరితోట_63

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను, కోప్పడకండి. మా పక్క తోటాయన పిల్లులకి పెట్టడం మొదలెట్టాక మా ఇంట్లో ఈ ఏడాది పద్నాలుగు కోడిపిల్లలు పోయాయి. తల్లికోడి రెక్కల కింద నుంచి లాక్కెళ్ళాయి. పెట్టేవాళ్ళు పుణ్యం అనుకుంటారు, నష్టం పక్కవాడిది. రేవుమెట్లు గారి పక్కింటావిడకి కూడా అలాంటి బాధ ఏదో ఉండి ఉంటుంది, ఒకసారి అడిగి చూడండి.

అమలాపురం_అక్క

కొబ్బరితోట గారూ, కోపం ఎందుకండీ, నిజమే చెప్పారు. నేను మొదట్లో ఈ మాట ఎవరన్నా అంటే గొడవకి వెళ్ళేదాన్ని. ఇప్పుడు పిల్లల కోడిని రెండు నెలలు గంప కింద కమ్మి ఉంచమని నేనే చెప్తున్నాను, గంప లేదంటే కొనిపెట్టాను కూడా. కానీ అసలు చేయాల్సింది సంఖ్య తగ్గించడం. రేవుమెట్లు అమ్మా, రాత్రికి రాస్తానన్నది ఇదే, కాస్త పెద్దదే.

ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కడుతుంది. రెండు నెలలు మోస్తుంది. పాలిస్తుండగానే మళ్ళీ కట్టేస్తుంది. మీ చుక్కాలు ఒక్కటే పదహారు అవ్వడానికి మీ అన్నం కారణం కాదు, ఆపరేషన్ లేకపోవడం కారణం. అన్నం పెట్టడం మొదలెట్టిన రోజే మన మీద రెండో బాధ్యత పడుతుంది, నాకు అది అర్థం కావడానికి ఆరేళ్ళు, లెక్కపెట్టలేనన్ని కూనలు పట్టాయి. మా సందులో ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి, తొమ్మిదింటికీ ఎడమ చెవి కొస కత్తిరించి ఉంటుంది. మత్తులో ఉండగానే డాక్టరు చేస్తారు, నొప్పి తెలీదు. దూరం నుంచే దీనికి అయిపోయింది అని గుర్తుపట్టి మళ్ళీ పట్టుకోకుండా వదిలేయొచ్చు.

పట్టుకోవడం ఎలా అంటే, ముందు వారం రోజులు బోను తలుపు కట్టేసి తెరిచి ఉంచి దాంట్లోనే అన్నం పెట్టండి. అలవాటు పడతాయి. పట్టే రోజుకి ముందు రోజు సాయంత్రం తిండి తగ్గించి, పొద్దున్నే నెత్తళ్ళు వేయించి బోను చివర పెట్టండి. ఎండు నెత్తళ్ళ వాసనకి రాని పిల్లిని నేను చూడలేదు. తలుపు పడ్డ మరుక్షణం దుప్పటి కప్పాలి, ఇది మర్చిపోకండి. కప్పకపోతే ఊచలకి మూతి కొట్టుకుని రక్తం కార్చుకుంటాయి. కప్పగానే చీకటిగా ఉందని సద్దుమణుగుతాయి. మొదటిసారి నేను కప్పలేదు, ఆ శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. గోనె సంచితో పట్టే పని మాత్రం పెట్టుకోకండి. నేను పట్టాను, బొటనవేలి కింద కోర దిగింది, చెయ్యి మూడు రోజులు బూరెలా ఉబ్బింది.

ఆటోవాళ్ళు ఎక్కించుకోరు, పిల్లి ఎదురైతేనే వెనక్కి వెళ్ళేవాళ్ళు బండిలో ఎందుకు ఎక్కించుకుంటారు. కొబ్బరికాయల బుట్ట అని చెప్పకండి, నిజం చెప్పి డబ్బులు ఎక్కువ ఇవ్వండి, ఒకసారి వచ్చినవాడు మళ్ళీ వస్తాడు. మా ఆటో అబ్బాయి ఇప్పుడు వాటి క్షేమం నన్నే అడుగుతాడు.

గేదెల_డాక్టరు (రిటైర్డు)

అక్క గారూ, ఆ కాటుకి టీకా వేయించుకున్నారా? పిల్లి కరిచినా రేబిస్ రావచ్చు. పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. మొదటి రోజు, మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజు, నాలుగు డోసులు, ఉచితమే. పసుపు, సున్నం పెట్టి ఊరుకోకూడదు.

అమలాపురం_అక్క

వేయించుకున్నానండి, నాలుగూ.

ధాన్యం_కాటా

రేవుమెట్లు గారూ, మిల్లు గోడౌన్ పక్కన అన్నారు కదా, నేను మిల్లు మనిషినే, వేరే ఊరు. రెండోసారి ఇలా చనిపోతే ఎలుకల మందు సంగతి కూడా చూసుకోండి. మా దగ్గర నూకల్లో నూనె, బ్రోమోడయోలిన్ కలిపి పొట్లాలు పెట్టేవాళ్ళం, చేలో బొరియల దగ్గర పెట్టినట్టే. అది తిన్న ఎలుక వెంటనే చావదు, మూడు నాలుగు రోజులు మత్తుగా తిరుగుతుంది, ఆ తిరిగేదాన్నే పిల్లి పట్టుకుంటుంది. మా గోడౌన్‌లో ఏడేళ్ళు ఉన్న గండుపిల్లి అలాగే ముక్కు వెంట రక్తం కారి పోయింది. ఒక్క రాత్రిలో పోయేవాటికి జింకు ఫాస్ఫైడు అయి ఉంటుంది, దానికి విరుగుడే లేదు. బ్రోమోడయోలిన్‌కైతే విటమిన్ కె ఉంది, తొందరగా గుర్తిస్తే వారాల తరబడి వేయాలి.

ఆ గండుపిల్లి పోయిన నెలకే గోడౌన్‌లో బస్తాల అడుగులన్నీ కొరికేశాయి. మా ముసలాయన ఏమన్నాడంటే, ఏడేళ్ళు జీతం లేకుండా చేసినవాణ్ణి మనమే చంపుకున్నాం అన్నాడు. అప్పట్నుంచి మందు మానేశాం, ఎలుకల బుట్టలే పెట్టిస్తున్నాం. మీ మిల్లువాళ్ళతో ధర్మం పాపం అని మాట్లాడకండి, బస్తాల లెక్క చెప్పండి, వింటారు.

లంకకుర్రాడు

మాది గోదారి మధ్య లంక. 2022 జూలై వరద గురించి రాస్తాను, ఎప్పట్నుంచో ఎవరికన్నా చెప్పాలని ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకి చేరితేనే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా, అప్పుడు ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా నాన్న చిన్నప్పటి 86 వరద కథలు చెప్తుంటే వినడమే, కళ్ళతో చూడటం అదే మొదలు. గేదెల్ని ముందే ఏటిగట్టు మీదకి తోలేశాం. మేం పడవ ఎక్కడానికి రాత్రంతా ఎదురుచూస్తున్నాం.

గడ్డిమేటులో ఒక బూడిదరంగు పిల్లి అప్పటికి పది రోజుల కిందట నాలుగు పిల్లల్ని పెట్టింది. మా పిల్లి కాదు, ఎవరి పిల్లీ కాదు, మా అమ్మ వేసే పెరుగన్నం తిని పోయేది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు, ఆ రాత్రి దాన్ని కళ్ళారా చూశాను. టార్చి వేస్తే, మోకాళ్ళ లోతు నీళ్ళలో ఈదుకుంటూ ఒక పిల్లని మెడ దగ్గర పట్టుకుని వచ్చింది, నన్ను దాటుకుని మా పాక వాసాలు పట్టుకుని దూలం మీదకి ఎక్కింది, పిల్లని అక్కడ పెట్టి మళ్ళీ దూకింది. మూడుసార్లు వెళ్ళింది. నాలుగోసారికి గడ్డిమేటు కదిలిపోయింది. అది నీళ్ళ అంచున నిలబడి ఆ మేటు వెళ్ళిన వైపు చూస్తూ అరిచిన అరుపు, మా అమ్మ చెవులు మూసుకుంది.

తెల్లారి పడవ వచ్చింది. పట్టుకుందామంటే దూలం మీద నుంచి బుసకొడుతోంది, పడవాయన ఇంకో ఇంటికి వెళ్ళాలి. నాన్న ఒక తట్టలో అన్నం, ఎండు చేపలు వేసి దూలానికి కట్టాడు. పునరావాస శిబిరంలో ఆరు రోజులు పులిహోర పొట్లం విప్పినప్పుడల్లా అమ్మ అదే మాట, ఆ తట్ట సరిపోతుందా అని. తిరిగొచ్చాక ఇంట్లో మోకాలి లోతు బురద. దూలం మీద తట్ట ఖాళీ. పిల్లి ఉంది, ఒక్క పిల్ల ఉంది. మిగతా రెండూ ఏమయ్యాయో తెలీదు. ఆ ఒక్కదాన్ని అమ్మ గోదారి అని పిలుస్తుంది. ఇప్పటికీ మనిషిని ముట్టనివ్వదు, అమ్మ ఒక్కదాన్ని తప్ప.

రేవుమెట్లు అత్తా, మీరు లెక్కపెట్టుకునే ఐదింటిని నేను వద్దనను. మా అమ్మ కూడా ఇప్పటికీ మూడు అని లెక్కపెడుతుంది.

రేవుమెట్లు

నాయనా, నీ రాత చదివి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

రాజోలు_టు_హైదరాబాద్

మా అమ్మ పోయి ఏడాది అయింది. రాజోలు దగ్గర ఇంట్లో ఒక్కతే ఉండేది. ఫోన్ చేస్తే పిల్లుల కబుర్లే చెప్పేది, మీటింగ్ ఉందమ్మా అని నేను మధ్యలో పెట్టేసేవాణ్ణి. పన్నెండో రోజు అయ్యాక అందరూ వెళ్ళిపోయారు, సాయంత్రం ఆరింటికి పెరటి గుమ్మం తీశాను. మెట్ల మీద ఆరు పిల్లులు వరసగా కూర్చుని ఉన్నాయి. నన్ను చూసి లేచి వెనక్కి జరిగాయి, కానీ పోలేదు, నా వెనకాల గుమ్మంలోకి చూస్తున్నాయి. అమ్మ చీర కట్టిన మనిషి వస్తుందేమో అన్నట్టు.

అప్పటిదాకా ఏడవలేదు నేను.

ఇప్పుడు ఎదురింటి పాలేరు కుర్రాడికి నెలకి డబ్బులు పంపిస్తున్నాను, వాడు అన్నం, చేపలు పెడతాడు. ఆరు నాలుగయ్యాయి. వయసైపోయిన వాళ్ళు ఎవరైనా పెడుతుంటే, మీ తర్వాత ఎవరు పెడతారో ఇప్పుడే ఒక మనిషిని చూసి ఉంచండి. మా అమ్మ ఆ మాట నాతో అనాలని చూసిందేమో, నేను వినలేదు.

కోరంగి_పడవ

ఒక చిన్న సంగతి. మడ అడవుల వైపు, రొయ్యల చెరువు గట్ల మీద కూనలు దొరికితే ఊరి పిల్లి అనుకుని ఇంటికి తీసుకెళ్ళకండి. బావురు పిల్లి కూనలు అయి ఉండొచ్చు. ఒళ్ళంతా నల్ల చుక్కలు వరసల్లో ఉంటాయి, తోక పొట్టి, చెవులు గుండ్రం, వేళ్ళ మధ్య కొద్దిగా పొర ఉంటుంది, నీళ్ళలోకి దిగి చేప పట్టే జాతి. పెద్దదైతే ఊరి పిల్లికి రెండింతలు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో ఉంది. తల్లి దగ్గర్లోనే ఉంటుంది, కదపకుండా ఫారెస్టువాళ్ళకి చెప్పండి. మా వలల్లో చేప తింటుందని కొట్టేవాళ్ళు, ఇప్పుడు తగ్గింది.

రేవుమెట్లు

మూడు వారాలైంది, వివరం చెప్పాలని వచ్చాను.

కొబ్బరితోట గారు చెప్పినట్టు పక్కింటావిడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. కోడిపిల్లలు కాదు, వాళ్ళ కోడలికి మూడో నెల, పిల్లుల వల్ల కడుపులో బిడ్డకి ఏదో అవుతుందని ఎవరో చెప్పారట. ఆ భయం అంతా నా మీద కోపమైంది. డాక్టరు గారికి మెసేజ్ పెట్టి అడిగి, పిల్లి మలం, మట్టి ముట్టుకోకుండా, చేతులు కడుక్కుంటూ, మాంసం బాగా ఉడికించి తింటే చాలని ఆయన చెప్పింది చెప్పాను. నేను వాళ్ళ వైపు పెరడు కూడా రోజూ శుభ్రం చేస్తున్నాను. అన్నం పెట్టే చోటు గోడౌన్ వైపుకి మార్చాను. ఇప్పుడు ఆవిడే చేప తలకాయలు కవర్లో పంపిస్తోంది.

మిల్లువాళ్ళు మందు ఇంకా మానలేదు. కాటా గారి బస్తాల లెక్క చెప్పాను, గుమస్తా విన్నాడు, యజమాని వినలేదు. మళ్ళీ వెళ్తాను.

అక్క గారు పంపిన బోను వారం రోజులు తెరిచి పెట్టాను. బుధవారం పొద్దున్న చుక్కాలు లోపలికి వెళ్ళింది. తలుపు పడింది, దుప్పటి కప్పాను, నా చేతులు వణికాయి కానీ కప్పాను. లోపల అది ఊపిరి తీసుకుంటుంటే దుప్పటి కదులుతోంది. నాలుగేళ్ళలో దానికి అంత దగ్గరగా నేనెప్పుడూ లేను. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ, కడుపులో మళ్ళీ మూడు ఉన్నాయని, మొదటి రోజులేనని చెప్పింది. ఆ మాట విని చాలాసేపు బయట బెంచీ మీద కూర్చున్నాను. తప్పు చేశానా అనిపించింది, నీళ్ళ చిప్ప దగ్గర కూర్చున్న కూన గుర్తొచ్చింది, లేచి ఆపరేషన్‌కి సంతకం పెట్టాను. మిగతా పెద్దవాటికి టీకాలు కూడా దఫదఫాలుగా వేయిస్తానని చెప్పింది.

శుక్రవారం వదిలాను. బోను తలుపు తీయగానే బాణంలా గోడ కన్నంలోకి దూరిపోయింది. రెండు రోజులు కనపడలేదు, ఇక రాదనుకున్నాను. నిన్న సాయంత్రం నెత్తళ్ళు వేసి లోపలికొచ్చి కిటికీలోంచి చూస్తుంటే వచ్చింది. ఎడమ చెవి కొస లేదు. ఒక నెత్తలి తిని, ఇంకోటి నోట కరుచుకుని, కొబ్బరి చెట్టు వెనక మొదటి రోజు కూర్చున్న చోటే కూర్చుంది.

ఇంకా నాలుగు ఆడవి ఉన్నాయి. బోను ఇంకో పదిహేను రోజులు ఉంచుకోవచ్చా అక్కా?

అమలాపురం_అక్క

ఉంచండమ్మా, ఎన్నాళ్ళైనా. రెండో బోను కూడా గురువారం పాలకొల్లు వచ్చే మా ఆటో అబ్బాయితో పంపిస్తాను, బస్టాండు దగ్గర తీసుకోండి. దాని తలుపు స్ప్రింగు కొంచెం గట్టి, కొబ్బరి నూనె రాయండి.